మహేంద్రగిరి: కొండ అక్కడ, నీళ్లు ఇక్కడ

(విశ్రాంత ఉద్యోగుల సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. అవి మాట్లాడుకోవలసినవే. అయితే ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, “కాస్త గాలి తగిలే విషయం ఏదైనా చెప్పండి” అన్నారు. గాలి బాగా తగిలే చోటు నాకు ఒక్కటే తెలుసు. అది మహేంద్రగిరి. మందస, సోంపేట, పలాస ప్రాంతాల వాళ్లందరం పుట్టిననాటి నుంచి చూస్తున్న కొండే. మబ్బు టోపీ పెట్టుకుంటే వాన వస్తుందని మా అమ్మ ధాన్యం ఎత్తించేసేది. అంత దగ్గరి చుట్టం గురించి మనకు తెలిసింది మాత్రం తక్కువేనని నా మనవి.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. మన దేశంలో మహేంద్రగిరులు రెండున్నాయి. ఒకటి తమిళనాడులో, తిరునెల్వేలి వైపు ఉంది. ఇస్రోవారు రాకెట్ ఇంజన్లను పరీక్షించేది అక్కడ. రామాయణంలో హనుమంతుడు లంకకు లంఘించిన మహేంద్రం ఆ దక్షిణపు కొండేనని చెబుతారు. మనది కళింగ మహేంద్రం. పరశురాముడు భూమినంతా కశ్యపుడికి దానమిచ్చేసి తపస్సు చేసుకోవడానికి వచ్చిన కొండ ఇదని ఇక్కడివారి నమ్మకం. భారతంలో పాండవులు తీర్థయాత్ర చేస్తూ మహేంద్రానికి వచ్చి పరశురాముణ్ణి దర్శించినట్టు ఉంది. అందుకే పైనున్న గుళ్లకు భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని పేర్లు నిలిచాయి.

ఇక కొండ కొలతలు. ఎత్తు 1,501 మీటర్లు, అంటే అయిదు వేల అడుగులకు కాస్త తక్కువ. తూర్పు కనుమల్లో ఇంతకన్నా ఎత్తయిన శిఖరాలు లేకపోలేదు. కోరాపుట్ వైపు దేవమాలి 1,672 మీటర్లు. కానీ ఆ కొండలు లోపలెక్కడో ఉన్నాయి. మన మహేంద్రగిరి సముద్రానికి సుమారు పాతిక కిలోమీటర్లలోనే లేచి నిలబడింది. కింద ఉద్దానం కొబ్బరితోటలు, ఆ వెనకనే అయిదు వేల అడుగుల గోడ. సముద్రం మీది తేమగాలి ఈ గోడకు తగిలి పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మబ్బవుతుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. కాబట్టి శిఖరం మీద మనకన్నా తొమ్మిది డిగ్రీల దాకా చల్లదనం. మా అమ్మ చెప్పిన మబ్బు టోపీ రహస్యం ఇదే.

ఆ మబ్బుల నీరే మహేంద్రతనయ. కొండకు కూతురని ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. ఈ పేరుతో పారేవి రెండు ఏరులు. ఒకటి పర్లాకిమిడి పక్కగా పారి వంశధారలో కలుస్తుంది. రెండోది మన సోంపేట వైపు దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ బారువ ఒడ్డుకే ఏటా సముద్రపు తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. మన ప్రాంతానికి కొండ తలా, సముద్రం కాళ్లూ అనుకుంటే, మధ్యలో నరంలాంటిది ఈ ఏరు. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. నీళ్లు మాత్రం హద్దురాయి చూసి ఆగవు.

హద్దురాయి అన్నాను కాబట్టి చరిత్రలోకి వెళదాం. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి బయలుదేరి మహేంద్రనాథుణ్ణి ఓడిస్తాడు. ఓడించి, అతని సంపద మాత్రం తీసుకుని, భూమిని అతనికే వదిలేస్తాడు. అంటే శిస్తు వసూలైంది, పట్టాదారు పేరు మారలేదన్నమాట. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ ఫైళ్లు మోసినవాణ్ణి కనుక నాకు ఆ ఘట్టం ఇలాగే అర్థమవుతుంది.

నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదికి వచ్చినప్పుడు ఓడించిన రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద ఉంది. అందులో పిష్టపురం, అంటే మన పిఠాపురం ప్రస్తావన పక్కనే మహేంద్రగిరి అన్న మాట వస్తుంది. అది కొండ పేరా, పిఠాపురం రాజుగారి పేరా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కామా ఎక్కడ పెట్టాలో తెలియక ఫైలు ఆగిపోవడం మన ఆఫీసుల్లోనే కాదు, శాసనాల్లో కూడా ఉందని గ్రహించగలరు.

తరువాత వచ్చిన తూర్పు గాంగులకు ఈ కొండే ఇలవేల్పు స్థానం. వారి తొలి రాగి శాసనాల్లో మహేంద్ర శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామిని తలుచుకుని గాని దానం మాట ఎత్తరు. వారి రాజధాని కళింగనగరమంటే వంశధార ఒడ్డున ఉన్న మన ముఖలింగమేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. 1078లో రాజ్యానికి వచ్చిన అనంతవర్మ చోడగంగ కాలంలో రాజ్యం ఉత్తరానికి విస్తరించింది. పూరీలో జగన్నాథాలయం లేచింది. రాజుల చూపు అటు మళ్లినా మన పల్లెల వాళ్లు శివరాత్రికి కొండెక్కడం మానలేదు.

పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడు కూడా ఇక్కడిదాకా వచ్చాడు. కులూత రాజు విమలాదిత్యుణ్ణి ఓడించి మహేంద్రం మీద విజయస్తంభం నాటించానని చెప్పుకున్న శాసనం ఆ కొండ మీద ఉంది. చోళుల పులి గుర్తును అంత ఎత్తున చెక్కించాడు. పులి గుర్తు రాతి మీద మిగిలింది, సామ్రాజ్యం మిగలలేదు.

గుళ్ల సంగతి చెబుతాను. భీముడి గుడి చాలా చిన్నది, ఎత్తయిన చోట ఉంది. కానీ దానికి వాడిన రాతి దిమ్మెలు చూస్తే వీటిని భీముడే ఎత్తిపెట్టాడని జనం నమ్మడంలో వింత లేదు. ధర్మరాజు గుడి, కుంతి గుడి దానికి కింద ఉన్నాయి. కుంతి గుడిలోని శివుణ్ణే గోకర్ణేశ్వరుడిగా కొలుస్తారు. శివరాత్రి నాడు ఇటు శ్రీకాకుళం పల్లెల నుంచి, అటు ఒడిశా పల్లెల నుంచి వేలమంది రాత్రంతా ఎక్కుతారు. ఆ రాత్రి కొండ మీద ఎవరిది ఏ రాష్ట్రమో అడిగేవారుండరు.

నేను మొదటిసారి ఎక్కింది 1976 శివరాత్రికి. అప్పుడు ఎల్.డి.సి.ని, వయస్సు పాతిక. తోటి గుమాస్తాలిద్దరితో కలిసి మందస వైపు నుంచి కాలిదారిన బయలుదేరాము. దారి చూపడానికి ఒక సవర ముసలాయన కాగడాతో ముందు నడిచాడు. “ఇంకెంత దూరం తాతా?” అని ఎన్నిసార్లు అడిగినా, “అదిగో, దగ్గరే బాబు” అనేవాడు. ఆ దగ్గర తెల్లవారేదాకా రాలేదు. మధ్యలో ఒకచోట కూర్చుని, ఊసుపోక, “పైన ఏముంది తాతా?” అని అడిగాను. దేవుడున్నాడంటాడని నేననుకున్నాను. ఆయన, “నీల్లున్నాయి బాబు” అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాము. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ సవరల గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. వారి భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానికి చెందినది. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరలను ఇంట్లో పెట్టుకుని, కొండలెక్కి వారి భాష నేర్చుకున్నారు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. భాష కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి ఇంకొకరు నాకు తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నారు. అదే విభజనలో మహేంద్రగిరి అటు వెళ్లింది, మందస ఇటు ఉండిపోయింది. అంతకుముందు అంతా ఒకే గంజాం జిల్లా. మన వైపు తాలూకాలు విశాఖ జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడిపడ్డాయి.

ఈ అడవి కోసం ప్రాణాలు పోయిన సంగతి కూడా పిల్లలు తెలుసుకోవాలి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. మందస జమీందారీలో వంటచెరుకు, నాగలికర్ర కోసం రైతులు అడవిలోకి వెళితే నేరమయ్యేది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. ముందుకు వచ్చి నిలబడిన సాసుమాను గున్నమ్మ అక్కడే కన్నుమూసింది. నిండు గర్భిణి అని చెబుతారు. వీరగున్నమ్మ అని మనం పేరు పెట్టుకున్నది ఆమెకే. కట్టెలంటే మనకు చిన్న విషయం. ఆమెకు అది పొయ్యి వెలగడం.

ఇప్పుడు అడవిలోని ప్రాణుల సంగతి. ఈ కొండల్లో చిరుతపులి ఉంది, ఎలుగుబంటి ఉంది, అడవిపంది, మొరిగే జింక ఉన్నాయి. మనిషి మాటను అనుకరించే కొండ గోరువంకలు, పెద్ద కొమ్ములాంటి ముక్కున్న పక్షులు ఉన్నాయి. గజపతి జిల్లాలోని లఖరీ లోయ ఏనుగులకు నివాసం. 2007 నుంచి అక్కడి ఏనుగులు మన శ్రీకాకుళం, పార్వతీపురం వైపు దిగి వస్తున్న సంగతి పత్రికల్లో చూస్తూనే ఉన్నాము. ఎలుగుబంట్లయితే పనసపండు వాసనకు, జీడిమామిడి తోటలకు ఉద్దానంలోకే వస్తున్నాయి. మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని కొట్టి చంపాలని కొందరు, కొండ మీద తిండి లేకనే దిగుతున్నాయని కొందరు వాదిస్తారు. తోటలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి ముందు నిలబడి అడవి గొప్పతనం చెప్పడం నాకు చేతకాదు. పైన పొదలు, నీటి ఊటలు మిగిలి ఉంటే కింద భయం కొంత తగ్గుతుందన్నది మాత్రం నా నమ్మకం.

రెండోసారి వెళ్లింది 2023 డిసెంబరులో. మా ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పే. పెళ్లయిన నాటి నుంచి పెరట్లోంచి ఆ కొండకు దండం పెడుతూ వచ్చింది. పిల్లలు వద్దన్నారు. బి.పి. ఒకరికి, షుగర్ ఒకరికి, దారిలో ఏమైనా అయితే ఎలాగని వాళ్ల బెంగ. డాక్టరుగారికి చూపించుకుని, పర్లాకిమిడి మీదుగా జీపులో వెళ్లాము. ఇప్పుడు వాహనాలు శిఖరానికి దగ్గరదాకా పోతున్నాయి. మిగిలిన కాస్త దూరం ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మనుమడి భుజం పట్టుకుని ఎక్కింది. కుంతి గుడి ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మంచు విడిన తరువాత దూరాన తెల్లగీతలా సముద్రం కనపడింది. అప్పుడు, “ఇన్నేళ్లూ మన పెరట్లోంచి కొండ కనపడిందిగానీ, కొండ మీంచి మన పెరడు కనపడదేమండీ?” అన్నది. ఏం చెబుతాను? పైనున్నవాళ్లకు కిందివాళ్ల ఇళ్లు కనపడవని మన సర్వీసులోనే నేర్చుకున్నాము కదా!

ఆ దారి లేకపోతే మా ఆవిడ కోరిక తీరేది కాదు. కాబట్టి రోడ్డు వద్దని నేననలేను. కానీ అదే దారి పొడవునా నీళ్ల సీసాలు, సంచులు, పలావు తిన్న డబ్బాలు చూశాను. 1976లో మేము దోసిలి పట్టి తాగిన ఊటలాంటి ఒక ఊట పక్కన సీసాల కుప్ప పడి ఉంది. ఆ ముసలాయన అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. పైన ఉన్నది నీళ్లు. దేవుణ్ణి చూడడానికి వెళ్లినవాళ్లం ఆ నీళ్లలోనే చెత్త పోసి వస్తున్నాము. వానలొస్తే ఆ చెత్త ఏటివెంట మన పొలాల మీదుగా బారువ తాబేళ్లదాకా పోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రిని ఇక్కడున్న చాలామంది మరచిపోలేరు. ఉద్దానంలో కొబ్బరి, జీడిచెట్లు నేలకూలాయి. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. చెట్టు వేళ్లు పట్టి ఉంచిన మట్టే కొండవాలు మీద నిలుస్తుంది. చెట్టు పోతే మట్టి, రాయి కలిసి కిందివాళ్ల మీదకే వస్తాయి. అడవి సంగతి మనకెందుకని అనుకునే వీలు లేదు.

2022లో ఒడిశా ప్రభుత్వం సిమిలిపాల్ తరువాత రెండవ జీవావరణ రక్షిత ప్రాంతంగా మహేంద్రగిరిని ప్రతిపాదించింది. ఈ పద్ధతిలో నడిమి భాగాన్ని ముట్టుకోకుండా వదిలి, చుట్టూ ఉన్న భాగంలో ప్రజలు తమ బ్రతుకుతెరువు సాగించుకుంటూనే అడవిని కాపాడేలా ఏర్పాటు చేస్తారు. మంచి ఆలోచన. అయితే కాగితం మీద గీత గీసేటప్పుడు ఆ గీతలోపల ఎవరి పసుపుతోట, ఎవరి చింతచెట్టు పడుతుందో చూడాలి. గున్నమ్మ నాటి తప్పు మళ్లీ జరగరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అందుకోసమే వచ్చింది.

ఇక వెళ్లదలచినవారికి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమైన కాలం. వానాకాలం వద్దు. శివరాత్రి జనంలోకి మన వయస్సువాళ్లు వెళ్లకపోవడమే మంచిది. డాక్టరుకు చూపించుకోండి, మాత్రలు రెండు రోజులకు సరిపడా ఎక్కువే పెట్టుకోండి. ఉన్నిదుస్తులు మరవకండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు బాధిస్తాయి. కాబట్టి కర్ర దిగడానికే ఎక్కువ అవసరం. తెల్లవారి ఎక్కి, ఎండ వాలకముందే దిగండి. మంచు కమ్మితే కదలకుండా కూర్చోండి. స్థానికులను వెంట తీసుకువెళ్లండి, వారడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. నడవలేనివారు సగంలో ఆగినా నష్టం లేదు. సగం నుంచి కూడా కొండ కొండే. తిరుగు ప్రయాణంలో మందస కోవా కొనుక్కోవచ్చు. షుగరున్నవారు మనుమల పేరు చెప్పి కొనుక్కోవచ్చు.

ఏడాదికోసారి ట్రెజరీకి వెళ్లి బ్రతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తున్నాము. ఆ కొండగాలి పీల్చినప్పుడు అదే మాట ఎవరి సంతకమూ లేకుండా మనకు మనమే చెప్పుకోగలమని నా అనుభవం. పిల్లలకు కూడా ఒక మనవి. పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోమనడం ప్రేమతోనే. కానీ ఒక్కొక్కప్పుడు భుజం అందించి తీసుకువెళ్లడం అంతకన్నా పెద్ద ప్రేమ.

చివరగా సంఘానికి నా ప్రతిపాదన. కొండలెక్కే వయస్సు దాటినా అర్జీ రాసే చెయ్యి మనకింకా పోలేదు. శ్రీకాకుళం, గజపతి జిల్లాల కలెక్టర్లిద్దరికీ ఒకే అర్జీ తెలుగులో, ఒడియాలో పంపుదాం. అందులో మూడు కోరికలు చాలు. ఒకటి, కొండ కిందనే ప్లాస్టిక్ ఆపి, శివరాత్రికి రెండు వైపులా తాగునీటి ఏర్పాటు చేయాలి. రెండు, సొంత వాహనాలను దిగువనే ఆపించి, వృద్ధులకు, నడవలేనివారికి మాత్రం చిన్న బండి నడపాలి. మూడు, దారి, ఊటలు శుభ్రంగా ఉంచే పని అక్కడి సవర గ్రామాలవారికే జీతమిచ్చి అప్పగించాలి. జవాబు రాకపోతే రిమైండర్ పంపుదాం. దానికీ రాకపోతే రెండో రిమైండర్. ఆ విద్యలో మనకు సాటి ఎవరు?

ముసాయిదా రాసే బాధ్యత నాది. ఇప్పటికే సగం రాసి జేబులో పెట్టుకుని వచ్చాను. సభ ముగిశాక చూసి, సవరణలు చెప్పి, సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాను.